రెండో విడత నిద్ర

అక్టోబరు 9

టోపీలు తుడవడంతో నా రోజు మొదలవుతుంది. లోపలి మెత్తను స్పిరిట్ గుడ్డతో రుద్దుతుంటే వెంట్రుకలు ఊడి వస్తాయి. ఎక్కువగా తెల్లవి, లేదంటే రంగు వేసినవి. నల్లగా, పొడుగ్గా ఉండేవి చినత్సు టోపీలో మాత్రమే.

ఈ టోపీ పెట్టుకుని గంటన్నర పడుకుంటే రాత్రంతా నిద్రపోయినట్టే. లేచి మొహం కడుక్కుని రెండో షిఫ్టుకి వెళ్లిపోవచ్చు. ఉరానో బేరింగుల ఫ్యాక్టరీలో అందరూ అలాగే వెళ్తారు. టోపీలు వచ్చిన కొత్తలో, మిగిలే సమయమంతా మీదేనని జనానికి చెప్పారట. జీతాలు ఉన్నచోటే ఆగిపోయాయి, మనుషులు తగ్గిపోయారు, ఆ సమయాన్ని ఫ్యాక్టరీ తీసేసుకుంది. ఇదంతా నేను జపాను రాకముందు సంగతి.

నిద్ర గది నా బాధ్యత. ఎవరు ఎంత లోతుగా పడుకున్నారో తెర మీద గీతలుగా కనిపిస్తుంది. గీత కిందికి దిగాలి, కాసేపు అడుగున నిలబడాలి, మెల్లగా పైకి రావాలి. చినత్సు గీత వారం రోజులుగా సగం దిగి ఆగిపోతోంది. ఇవాళ అసలు దిగలేదు. గంటన్నరా ఆమె కళ్లు మూసుకుని ఊరికే పడుకుంది.

లేవగానే పక్కకి పిలిచాను.

"కాఫీ ఎక్కువైందేమో, కుముదిని గారూ."

"కాఫీ గీత నాకు తెలుసు. ఇది అది కాదు."

ఆమె తలుపు వైపు ఒకసారి చూసింది. టోపీ ఒత్తిన గుర్తు నుదుటి మీద ఇంకా ఎర్రగా ఉంది.

"మూడో నెల," అంది.

ఆరేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాను. ఇక్కడ పసిపిల్ల ఏడుపు ఒక్కసారి కూడా వినలేదు. నేను వచ్చేసరికే బడి మూతబడి, దాని ఆవరణలో గడ్డి మోకాళ్ల దాకా పెరిగి ఉంది. ఆమె చేతులు పట్టుకోవాల్సినదాన్ని. ముందు రూలే గుర్తొచ్చింది. గర్భిణికి టోపీ పెట్టకూడదు. టోపీ లేకపోతే రెండో షిఫ్టు లేదు. రెండు షిఫ్టులూ చేసేవాళ్లు పదహారుమంది ఉంటేనే హెడ్డాఫీసు తయారీ లైనును నడవనిస్తుంది. మాకు సరిగ్గా పదహారుమంది ఉన్నారు. ఊళ్లో మిగిలింది ఈ ఒక్క లైనే.

"ఎవరికి చెప్పావు?"

"పైడిరాజుకి. ఇప్పుడు మీకు."

అక్టోబరు 11

పైడిరాజు ఈరోజు తన వంతుకి ముందే వచ్చి నా కుర్చీ పక్కన నేల మీద చతికిలబడ్డాడు. గజపతినగరం దగ్గరి కుర్రాడు, ఇక్కడ మెకానిక్. చినత్సును నాలుగేళ్ల కిందట పెళ్లి చేసుకున్నాడు. వాళ్లు జపనీస్‌లోనే మాట్లాడుకుంటారు గానీ ఆమెని మాత్రం చిన్నీ అంటాడు. ఆమె పడుకునే వేళకి అతను లైను మీద ఉంటాడు, అతను పడుకునే వేళకి ఆమె ఉంటుంది. ఒకే ఇంట్లో కాపురం అన్నమాటే గానీ ఇద్దరూ కలిసి కూర్చుని అన్నం తినడం అరుదు. ఆగస్టులో తుఫాను వచ్చి నాలుగు రోజులు కరెంటు పోయింది. టోపీలు పనిచేయలేదు, ఫ్యాక్టరీ మూశారు, ఊరంతా కంటినిండా నిద్రపోయింది.

"ఆ నాలుగు రోజులేనక్కా మేం కాపరం సేసింది," అన్నాడు తల దించుకుని.

"మేనేజరుకి చెప్పేద్దాం."

"సెప్తే లైను ఆగిపోద్ది. ఈ పదారుమందీ ఏటైపోతారు? ఆల మొకాలు మేం ఎలగ సూస్తాం? ఇంకొన్ని రోజులు ఒగ్గీ అక్కా. ఆలోసిద్దాం."

టోపీ ఆమెకి మంచిది కాదని చెప్పాను. లోపలి బిడ్డకి ఏమవుతుందో ఎవరూ పరీక్షించి చూడలేదనీ చెప్పాను. అతను విన్నాడు. నా బల్ల మీది టోపీని అటూ ఇటూ తిప్పి, మళ్లీ అక్కడే పెట్టాడు.

చినత్సు టోపీకి కరెంటు అందకుండా తీగ పీకేశాను. గంటన్నర ఊరికే పడుకోమన్నాను. రిపోర్టులో నిద్రపోయింది అని రాశాను. కింద సంతకం పెట్టాను.

అక్టోబరు 20

మెదడుకి సరైన నిద్ర లేకుండా పన్నెండు రోజులు ఎవరు నిలబడగలరు? ఇవాళ ఉదయం చినత్సు గ్రైండింగ్ మిషను మీదికి తూలింది. పక్కన నిలబడ్డ సెగావా గారు ఆమె కోటు కాలరు పట్టుకుని వెనక్కి లాగారు. ఆయనకి డెబ్బై దాటాయి. ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమై ఉంటే ఈ రాత వేరేలా ఉండేది.

కోటు గుండీలు ఊడిపోయాయి. ఆమె రెండు చేతులూ పొట్టకి అడ్డం పెట్టుకుంది, అందరికీ అర్థమైంది.

మేనేజరు మొరిషిగె నన్ను తన గదికి పిలిచారు. ఆయనది ఈ ఊరే. ఈ ఫ్యాక్టరీలో ఊడ్చే పనికి చేరి ఈ కుర్చీ దాకా వచ్చారు. మిగతా రెండు లైన్లనూ హెడ్డాఫీసు ఆయన చేతులతోనే మూయించింది.

"మీకెప్పటి నుంచి తెలుసు?" అని అడిగారు.

చెప్పాను.

ఆయన కోప్పడలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి సముద్రం వైపు చూశారు. "డిసెంబరులో హెడ్డాఫీసు వాళ్లు తనిఖీకి వస్తున్నారు. గాలిమరల బేరింగులు, అయిదేళ్ల పని. అదొస్తే ఊరికి అయిదేళ్లు బతుకు. అప్పటిదాకా లైను మీద పదహారుమంది కనిపించాలి." నా వైపు తిరిగారు. "ఆమెని ఇంటికి పంపి పడుకోనివ్వండి. పేరు మాత్రం లైనులోనే ఉంచండి."

"రెండో షిఫ్టు ఎవరు చేస్తారు?"

దానికి జవాబు క్యాంటీనులో సెగావా గారు ఇచ్చారు. గిన్నె పక్కకి జరిపి, పెద్దగా గొంతు లేపకుండానే, "ఆ అమ్మాయి షిఫ్టు మనం పంచుకుందాం," అన్నారు. "నాకు ఇద్దరు కొడుకులు. ఇద్దరూ టోక్యోలో ఉన్నారు. ఇద్దరికీ పెళ్లి కాలేదు, ఇక కాదు. నేను మాత్రం ఎవరి కోసం నిలబడాలి?"

బల్ల చుట్టూ ఒక్కొక్కరే తలూపారు.

నవంబరు 6

చినత్సు మొహంలో రంగు వచ్చింది. ఒక్క షిఫ్టు చేసి ఇంటికి వెళ్లి పడుకుంటోంది. లైను మీద ఆడవాళ్లు ఆమె కూర్చోవడానికి ఎత్తు స్టూలు తెచ్చారు. ఒకావిడ తన కూతురి పాత ఊలు బొంత తెచ్చి ఇచ్చింది. ఆ కూతురికి ఇప్పుడు యాభై ఏళ్లు.

"అందరూ నా పొట్టనే చూస్తారు," అంది చినత్సు నాతో. "తుమ్మినా పరిగెత్తుకొస్తారు. మొదట్లో బాగుండేది. ఇప్పుడు భయంగా ఉంది, కుముదిని గారూ. వీళ్లందరి కోసం నేను ఈ బిడ్డని కనాలి కాబోలు."

నాకు వేరే భయం ఉంది. పంచుకున్న షిఫ్టు జనాన్ని నమిలేస్తోంది. ప్యాకింగులో ఉండేవాడు నిలబడే కునుకు తీస్తూ కన్వేయరు మీద చెయ్యి పెట్టాడు. గోరు పోయింది, వేలు మిగిలింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. అదే ఎక్కువ భయపెడుతోంది.

నవంబరు 13

ఇక మీరెవరూ ఎక్కువసేపు నిలబడొద్దు, నా భార్య షిఫ్టు నేను చేస్తాను అని పైడిరాజు క్యాంటీనులో చెప్పాడట. తన రెండు షిఫ్టుల మీద ఆమెది ఒకటి. ఎలా సాధ్యమని అడిగితే మధ్యలో మిషన్ల గదిలో కాస్త నడుం వాలుస్తానన్నాడు. అందరికీ అది నమ్మాలని ఉంది. నమ్మారు.

నవంబరు 24

తెర మీద సెగావా గారి గీత చూస్తూ ఆగిపోయాను. ఆ వయసులో గీత అంత లోతుకు దిగదు. ఇది ముప్పయ్యేళ్లవాడి నిద్ర. లేచి వెళ్లి ఆ మంచం తెర తీశాను.

పైడిరాజు. టోపీ మీద సెగావా గారి పేరు.

ఈ టోపీని రోజుకి ఒక్కసారే పెట్టాలి. రెండో విడత పెడితే నిద్ర మరీ అడుగుకి వెళ్లిపోతుంది, పైకి రావడానికి దారి దొరకదు అని శిక్షణలో మాకు మొదటి రోజే చెప్పారు. అలా దిగిపోయినవాళ్లు ఉన్నారనీ చెప్పారు. ఎక్కడ, ఎంతమంది అన్నది చెప్పలేదు.

అతను లేచేదాకా మంచం పక్కనే నిలబడ్డాను.

"ఎన్నాళ్లుగా?"

"పది రోజులేనక్కా. సెగావా తాత ఇంటికాడ పొయ్యి పక్కన మామూలుగా పడుకుంతన్నాడు. ముసలోళ్లకి అంత నిద్దరక్కర్లేదంట. నాకేటీ కాలేదు, సూడు." రెండు చేతులూ చాపి చూపించాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. అతనికి అది కనిపిస్తున్నట్టు లేదు.

"ఇవాళ్టితో ఆపెయ్. లేకపోతే నేనే వెళ్లి మొరిషిగె గారికి చెప్తాను."

ఆపుతానన్నాడు. సాయంత్రం సెగావా గారి మంచంలో సెగావా గారే పడుకున్నారు. తనిఖీ దాకా మూడు వారాల పాటు చినత్సు షిఫ్టుని మళ్లీ అందరూ పంచుకోవాలి. ఒక్కొక్కరి మొహం చూస్తూ వాళ్లకి ఈ మాట చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

డిసెంబరు 16

మంచు మోకాళ్ల దాకా పడింది. ప్యాకింగులో ఇద్దరికి జ్వరం. వాళ్లు ఒక షిఫ్టే చేయగలరు, మిగతావాళ్లకి ఇంకొకరి భారం మోసే ఓపిక లేదు. తనిఖీ ఎల్లుండి.

పైడిరాజు వచ్చి నా ముందు నిలబడ్డాడు. ఈసారి దాచలేదు.

"సెగావా తాత టోపీ రెండ్రోజులేనక్కా. రేపొకటి, ఎల్లుండొకటి. ఆల్లు సూసి సంతకం ఎట్టీసి ఎల్లిపోతారు. తరవాత నువ్వు నన్ను కొట్టినా పడతాను."

"దిగిపోతే?"

"నువ్వుంటావు గదా పక్కన. లేపీవా?"

కాదంటే లైను పోతుంది. సరేనంటే ఏం పోతుందో తెలియదు. తెలియనిదాన్నే ఎంచుకున్నాను. "నా కళ్ల ముందే పడుకోవాలి. గీత తేడా వస్తే మధ్యలోనే లేపేస్తాను," అన్నాను.

అతను చిన్నపిల్లాడిలా నవ్వి వెళ్లిపోయాడు.

డిసెంబరు 18

ఇవాళ్టిది ఇవాళే రాసేయాలి.

నిన్నటి విడత బాగానే గడిచింది. ఈ ఉదయం రెండో విడతకి పడుకున్నాడు. గీత దిగింది. అడుగున నిలబడింది. పైకి రావలసిన వేళకి రాలేదు. వెంటనే లేపుదామని టోపీ తీసేశాను. గీత లేకుండా పోయింది గానీ అతను అలాగే ఉన్నాడు. భుజాలు కుదిపాను. అరికాళ్లు రుద్దాను. చెవి దగ్గర అతని పేరు, ఊరి పేరు, చిన్నీ అని గట్టిగా పిలిచాను. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. పెదవులు నీలంగా మారుతున్నాయి.

నిద్ర గది అద్దంలోంచి లైను కనిపిస్తుంది. హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఇద్దరూ మొరిషిగె గారితో మొదటి మిషను దగ్గర ఉన్నారు. వదులు కోటు వేసుకుని చినత్సు తన చోట నిలబడి ఉంది. మొరిషిగె గారికి ఫోను చేశాను. వాళ్లకి ఏదో చెప్పి ఒక్కరే వచ్చారు.

పైడిరాజుని చూడగానే ఆయనకి అర్థమైంది. "ఎంతసేపట్లో లేస్తాడు?"

"లేవకపోవచ్చు. అంబులెన్సు కావాలి."

"మధ్యాహ్నం రైలుకి వాళ్లు వెళ్లిపోతారు. అప్పటిదాకా..."

"ఊపిరి ఆలస్యమవుతోంది. చూడండి."

ఆయన వంగి పైడిరాజు పాదం మీద చెయ్యి వేశారు. చాలా మెల్లగా మాట్లాడారు. "అంబులెన్సు ఈ గేట్లోకి వస్తే లైను పోతుంది. లైను పోతే ఊరు పోతుంది. ఆ బిడ్డ ఏ ఊళ్లో పెరుగుతుంది, కుముదిని గారూ?"

నేను ఫోను తీశాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. గట్టిగా కాదు. పడిపోయేవాడు గోడ పట్టుకున్నట్టు. నేను చెయ్యి విడిపించుకోలేదు. రెండో చేత్తో నంబరు నొక్కాను.

మాట్లాడుతున్నంతసేపూ ఆయన నా చెయ్యి అలాగే పట్టుకుని ఉన్నారు.

మంచు దారిలో అంబులెన్సు రావడానికి పట్టిన సమయం నేను లెక్క పెట్టలేదు. అతని గడ్డం పైకెత్తి పట్టుకుని, ఊపిరి ఆగినప్పుడల్లా నా ఊపిరి ఇస్తూ కూర్చున్నాను. సైరను గేటు దాటి లోపలికి వచ్చేసరికి లైను మీద తలలన్నీ ఇటు తిరిగాయి. గంట కొట్టేదాకా ఎవరూ చోటు వదలకూడదు. చినత్సు వదిలేసింది. పరిగెత్తలేదు. మిషన్ల మధ్య సందులో ఒక చేత్తో పొట్ట పట్టుకుని నడిచి వచ్చింది. కోటు తెరుచుకుంది.

"ఆమె ఎవరు?" అని అడిగింది తనిఖీకి వచ్చిన ఉరుమా అనే ఆవిడ.

మొరిషిగె గారు లైను చివరికి నడిచి వెళ్లారు. ఎర్ర మీట కిందికి లాగారు. ఆరేళ్లలో ఆ మిషన్లన్నీ ఒక్కసారి ఆగడం తుఫాను రోజున తప్ప నేను ఎప్పుడూ వినలేదు. సెగావా గారు చేతి తొడుగులు తీసి, మడిచి, మిషను మీద పెట్టారు. కప్పు మీంచి మంచు జారిపడిన చప్పుడు లోపలికి వినిపించింది.

"ఆమె పేరు చినత్సు," అన్నారు మొరిషిగె గారు అప్పుడు. "అయిదో నెల. స్ట్రెచరు మీద ఉన్నది ఆమె భర్త. ఇక్కడ జరిగిందంతా నేను చేయమంటేనే జరిగింది."

అందులో సగం నిజం కాదు. రెండో విడత సంగతి ఆయనకి ఆ ఉదయం దాకా తెలియదు. సాయంత్రం ఉరుమా గారు నా గదికి వచ్చినప్పుడు ఎవరు ఏం చేశారో అంతా చెప్పేశాను. నేను ఒప్పుకున్నది కూడా. ఆవిడ విని, బల్ల మీది టోపీ వైపు చూస్తూ కూర్చుంది. ఆవిడ నుదుటి మీద కూడా టోపీ ఒత్తిన అదే ఎర్ర గుర్తు.

"నేనూ పెట్టుకుంటాను," అంది. "ఒక్కోసారి రెండుసార్లు." లేచి వెళ్లిపోయింది.

డిసెంబరు 29

పైడిరాజు జిల్లా ఆసుపత్రిలో ఉన్నాడు. ఊపిరి తానే తీసుకుంటున్నాడు. లేవలేదు.

కార్మిక శాఖ వాళ్లు వచ్చి నిద్ర గదికి సీలు వేశారు. ఇంకెన్ని ఫ్యాక్టరీల్లో ఇలా రెండో విడత నడుస్తోందో ఇప్పుడు బయటికొస్తోందట. మా లైను మార్చి నెలాఖరున మూసేస్తారు. మొరిషిగె గారు రాజీనామా ఇచ్చారు. నా వీసా కూడా లైనుతోపాటే అయిపోతుంది.

క్యాంటీనులో వడ్డించే ఆవిడ నా వైపు చూడకుండా పళ్లెం పెడుతోంది. ఆవిడకి ఈ ఊరు తప్ప ఇంకెక్కడా ఏమీ లేదు. నాకు ఆవిడ మీద కోపం రావడం లేదు. నిన్న దారిలో మొరిషిగె గారు ఎదురయ్యారు. చీపురుతో తన ఇంటి ముందు మంచు తోస్తున్నారు. నన్ను చూసి ఆగారు. వంగి నమస్కరించి, మళ్లీ తోయడం మొదలుపెట్టారు. నేనూ వంగాను. ఆయన మీద నాకు ఉన్నదేమిటో, నా మీద ఆయనకి ఉన్నదేమిటో ఇద్దరికీ తెలియదు.

ఆసుపత్రికి వెళ్తే చినత్సుతోపాటు సెగావా గారు కూడా ఉన్నారు. రోజూ మొదటి రైలుకి వచ్చి మంచం పక్కన కూర్చుంటున్నారట.

"నా టోపీ నేనే ఇచ్చాను," అన్నారు. "లేస్తే క్షమించమని అడగాలి. లేవకపోతే ఎవర్ని అడగాలో తెలియడం లేదు."

ఆయన చేతిలో తొక్క తీసిన నారింజ తొన ఒకటి చాలాసేపటి నుంచి అలాగే ఉంది. చినత్సు ఆయన వేళ్లలోంచి దాన్ని తీసుకుని తినేసింది. ఇంకోటి ఇమ్మని చెయ్యి చాపింది.

జనవరి 14

ఆసుపత్రి నుంచి చినత్సు ఫోను చేసింది. "కళ్లు తెరిచాడు. ఏదో అంటున్నాడు. నాకు అర్థం కావడం లేదు. మీరు రండి."

రైలంతా నిలబడే వెళ్లాను. కూర్చోబుద్ధి కాలేదు.

దిండుకి ఆనించి కూర్చోబెట్టారు. మొహం పీక్కుపోయి, కుడి కన్ను కాస్త వాలి ఉంది. నన్ను చూసి, "అక్కా," అన్నాడు. మంచం పక్కన కూర్చుని, డాక్టరు అడగమన్నవి తెలుగులో అడిగాను. డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పాడు. వెనకటి కొన్ని నెలలు చెరిగిపోయాయి. ఆగస్టు తుఫాను గురించి అడిగితే పైడిరాజు తెలియదన్నాడు. జపనీస్ కూడా పోయింది. తిరిగి వస్తుందో లేదో వేచి చూడాలి. ఇప్పటికి అతని నోట వస్తున్నది తెలుగొక్కటే.

లోపలికి వచ్చేసరికి చినత్సు అతని చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టుకుంది. పైడిరాజు ఆ పొట్ట వైపు చూశాడు. ఆమె మొహం వైపు చూశాడు. మళ్లీ పొట్ట వైపు చూశాడు. లోపల బిడ్డ కదిలినట్టుంది. చెయ్యి తీసేయబోయి, ఆగిపోయాడు.

"ఎవులున్నారు లోపల?" అన్నాడు.

"ఏమంటున్నాడు?" చినత్సు నా వైపు తిరిగింది.

చెప్పాను.

ఇన్ని వారాల్లో ఆమె ఏడవడం నేను చూడలేదు. ఇప్పుడూ ఏడవలేదు. మంచం అంచు మీద సర్దుకుని కూర్చుంది. అతని మొహంలో మొహం పెట్టి, తొందర లేకుండా, జపనీస్‌లోనే చెప్పింది. "మన బిడ్డ. ఈ మాట నీకు రెండోసారి చెబుతున్నాను. ఈసారి మర్చిపోకు."

నేను తెలుగులో చెప్పడానికి నోరు తెరిచాను. అతను నా వైపు చూడలేదు. రెండో చెయ్యి కూడా తెచ్చి పొట్ట మీద వేశాడు.